వేగానికి కళ్లెం వేసిన రాల్ఫ్ టీటర్

మన బడిలో చదివి ఇవాళ హైదరాబాదులోనో, దేశం బయటో స్థిరపడ్డ మిత్రుల్లో చాలామంది కార్లలో క్రూయిజ్ కంట్రోల్ ఉంటుంది. రాజీవ్ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల దగ్గర మీట నొక్కితే చాలు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా బండి అదే వేగంతో పోతూ ఉంటుంది. సిద్ధిపేట దాటి సిరిసిల్ల దారి పట్టాక ట్రాక్టర్లు, గొర్ల మందలు, రాజన్న దర్శనానికి వచ్చే బండ్లు ఎదురవుతాయి గనుక అక్కడ దాన్ని ఆపేయక తప్పదు. ఆపడం కూడా సులువే, బ్రేకును ఒకసారి తాకితే సరిపోతుంది.

ఈ సాధనానికి ఆద్యుడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికా ఇంజినీరు. ఐదేళ్ల వయసులో గాయపడి, ఆ తర్వాత రెండు కళ్ల చూపూ కోల్పోయిన మనిషి. నేను ముప్పై ఏళ్లుగా వాహనాల యంత్రాలతోనే బతుకుతున్నాను. ఈ వృత్తిలో నాకు తెలిసిన జీవితాల్లో మన స్వర్ణోత్సవ సంచికలో చెప్పుకోదగ్గది ఇదేనని నాకు అనిపించింది. ఎందుకంటే ఇది ఒక యంత్రం కథ ఎంతో, ఒక పిల్లవాణ్ని చదువు గడప దాటనిచ్చినవాళ్ల కథ కూడా అంతే.

రాల్ఫ్ టీటర్ 1890 ఆగస్టు 17న ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఇంట్లో అందరూ పనిముట్లు పట్టిన చేతులే. ఆయన పెదనాన్న, చిన్నాన్నలంతా యంత్రాలతోనే పని. వారిలో చార్లెస్ టీటర్ 1895లో ఒక కంపెనీ మొదలుపెట్టాడు. రైలు పట్టాలను తనిఖీ చేసేవాళ్లు పట్టాల మీదే తొక్కుకుంటూ పోయే బండ్లను అక్కడ తయారుచేసేవారు.

ఆ రోజుల్లోనే ప్రమాదం జరిగింది. ఐదేళ్ల రాల్ఫ్ తాళం పడ్డ సొరుగును కత్తితో తెరవబోయాడు. కత్తి జారి కంట్లో దిగింది. ఒక కంటితో ఆగలేదు. ఒక కన్ను లోతుగా గాయపడినప్పుడు కొందరిలో శరీర రక్షణ వ్యవస్థ పొరబడి, బాగున్న రెండో కంటి మీద కూడా దాడి చేస్తుంది. మందులు అంతగా లేని కాలం. ఏడాది తిరిగేలోపు రెండో కంటి చూపు కూడా పోయింది.

ఇక్కడ ఆ తల్లిదండ్రులు చేసిన పని గమనించదగ్గది. పిల్లవాణ్ని ఒక మూల కూర్చోబెట్టలేదు. చూపు లేని విషయాన్ని ఇంట్లో ఎత్తేవారే కాదట. తక్కిన పిల్లల్లాగే ఊళ్లో తిరిగాడు, పనిముట్లు పట్టాడు. తండ్రి, చిన్నాన్నల వర్క్‌షాపులో లేతు మీద పని నేర్చుకున్నాడు. ఇనుము నునుపుగా ఉందో గరుకుగా ఉందో, ఇరుసు వదులుగా ఉందో బిగుతుగా ఉందో ఆయన వేళ్లే చెప్పేవి. పన్నెండేళ్ల వయసులో, 1902లో, తమ్ముడి వరసయ్యే డాన్‌తో కలిసి ఇంజను పెట్టిన కారొకటి తయారుచేశాడు. హెన్రీ ఫోర్డ్ తన ఫోర్డ్ మోటార్ కంపెనీని స్థాపించడానికి అది ఒక ఏడాది ముందు.

పెద్ద చదువు దగ్గరికి వచ్చేసరికి అడ్డు తగిలింది. ఇంజినీరింగ్ అంటే డ్రాయింగులు, బోర్డు మీద లెక్కలు, ప్రయోగశాలలో కొలతలు. చూపు లేనివాడు ఇవన్నీ ఎలా చేస్తాడని కళాశాలలు తలుపులు మూశాయి. ఆ సమయంలో నీవా డియర్‌డార్ఫ్ అనే బంధువు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పై చదువు చదువుతున్న అమ్మాయి, ఆయన తరఫున అక్కడి అధ్యాపకులతో మాట్లాడింది. వాళ్లు ఒప్పుకున్నారు. పాఠ్యపుస్తకాలు ఆమె చదివి వినిపిస్తే ఆయన మనసులో పెట్టుకునేవాడు. రేఖాపటాలను మాటల్లో విని తలలో గీసుకునేవాడు. 1912లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. ఆ డియర్‌డార్ఫ్ తర్వాత సామాజిక సేవా రంగంలో పేరున్న పరిశోధకురాలు అయింది. చదివి వినిపించే ఒక గొంతు, సరేనన్న ఒక విభాగం, ఈ రెండూ లేకపోతే టీటర్ హేగర్స్‌టౌన్‌లో చేతిపని తెలిసిన మనిషిగా మిగిలిపోయేవాడు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్‌డెన్‌లో ఓడలు కట్టే కంపెనీలో పనిచేశాడు. అక్కడ నావికాదళపు డెస్ట్రాయర్ ఓడలకు ఆవిరి టర్బైన్లు తయారయ్యేవి. టర్బైన్‌లో తిరిగే భాగాన్ని రోటర్ అంటాం. అది నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. బరువు ఒక పక్క కాస్త ఎక్కువైనా వణుకు పుట్టి బేరింగులు నాశనమవుతాయి. నిలకడగా ఉన్నప్పుడు సమంగా ఉన్న రోటర్ కూడా తిరిగేటప్పుడు వణకవచ్చు. ఎందుకంటే ఒక కొసన ఉన్న అధిక బరువును, రెండో కొసన ఎదురు పక్కనున్న బరువు నిశ్చలంగా ఉన్నంతసేపు కప్పిపుచ్చుతుంది. ఈ తిరుగుడు సమతౌల్యం సమస్య ఇంజినీర్లకు చాలా చిక్కు పెట్టింది. టీటర్ దాన్ని పరిష్కరించే పద్ధతిని రూపొందించాడు. వణుకును కళ్లతో పట్టుకోవడం కష్టం, వేళ్లతో సులువు. ఆయనకు వేళ్లే కళ్లు.

యుద్ధం తర్వాత సొంత ఊరికి తిరిగి వచ్చాడు. అప్పటికి ఇంటి కంపెనీ పిస్టన్ రింగుల తయారీలోకి మళ్లింది. 1926లో దానికి పర్‌ఫెక్ట్ సర్కిల్ అని పేరు పెట్టారు. పిస్టన్ రింగంటే మన మెకానిక్కులందరికీ తెలుసు. స్కూటర్ పొగ కక్కితే మొదట అనుమానించేది దాన్నే. ఆ రింగుల్లో పర్‌ఫెక్ట్ సర్కిల్ ప్రపంచంలోనే పేరున్న సంస్థ అయింది. టీటర్ అక్కడ ఇంజినీరింగ్ విభాగాన్ని నడిపి, 1946 నుంచి 1957 దాకా సంస్థకు అధ్యక్షుడిగా ఉన్నాడు. అంతకు ముందే, 1936లో, అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఏఈకి అధ్యక్షుడయ్యాడు. ఇప్పటికీ మన సీసాల్లోని ఇంజన్ ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే 20డబ్ల్యూ40 వంటి అంకెలు ఆ సంఘం పెట్టిన కొలతలే.

ఆయన అధ్యక్షుడిగా ఉన్న కాలమంతా సాఫీగా గడవలేదు. 1955లో ఆ కంపెనీలో పెద్ద సమ్మె జరిగింది. న్యూ కాజిల్‌లోని ఫౌండ్రీ దగ్గర కాల్పుల దాకా పోయి, రాష్ట్ర గవర్నర్ సైనిక దళాలను దింపాల్సి వచ్చింది. ఇనుప యంత్రాల లోపలి వణుకును పట్టుకున్నవాడి సంస్థలోనే మనుషుల మధ్య పొత్తు కుదరని రోజులవి. జీవితం చెప్పుకునేటప్పుడు ఇది వదిలేయడం న్యాయం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. టీటర్‌కు హ్యారీ లిండ్సే అనే న్యాయవాది స్నేహితుడు. పేటెంటు పనులు చూసేవాడు. ఆయన కారు నడుపుతుంటే టీటర్ పక్కన కూర్చునేవాడు. లిండ్సే తాను మాట్లాడేటప్పుడు బండి నెమ్మదించేవాడు, టీటర్ మాట్లాడుతుంటే వింటూ వేగం పెంచేవాడు. ఇలా ముందుకీ వెనక్కీ ఊపే ప్రయాణంలో విసుగెత్తి, వేగం స్థిరంగా ఉంచే సాధనం చేయాలని టీటర్ నిశ్చయించుకున్నాడని చెబుతారు. చూపున్నవాడు కిటికీలోంచి చెట్లు చూస్తూ ఈ ఊపును మరచిపోతాడు. ఆయనకు వీపు, నడుము, కాళ్లు తప్ప దారి తెలిపేవి వేరే లేవు. దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు, పెట్రోలు ఆదా చేయడానికి అమెరికాలో గంటకు 35 మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్లు, గరిష్ఠ వేగంగా పెట్టారు. ఆ గీత దాటకుండా నడపడం డ్రైవర్లకు కష్టమయ్యేది.

యంత్రపు వేగాన్ని స్థిరంగా ఉంచే ఉపాయం అప్పటికే పాతది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి గవర్నర్ అమర్చాడు. మన తరం వాళ్లకు దీన్ని పుస్తకంలో వెతకనక్కర్లేదు. కరెంటు మోటార్లు రాకముందు మన పొలాల్లో బాయి గట్టున ఆయిల్ ఇంజన్లు ఉండేవి, గిర్నీల్లోనూ ఉండేవి. వాటిలోనూ ఉండేది ఈ గవర్నరే. ఇరుసుతో పాటు తిరిగే రెండు ఇనుప గుండ్లను ఊహించుకోండి. తిరుగుడు పెరిగితే అవి బయటికి విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడం ఒక మీటను లాగి ఆయిల్ తగ్గిస్తుంది. తిరుగుడు తగ్గితే స్ప్రింగు గుండ్లను లోపలికి లాగుతుంది, ఆయిల్ పెరుగుతుంది. గిర్నీలో మూట వడ్లు ఒక్కసారి పోసినప్పుడు ఇంజను గొంతు బరువెక్కి, క్షణంలో మళ్లీ తేరుకోవడం మనం విన్నదే. 1910 ప్రాంతంలో పీర్‌లెస్ అనే అమెరికా కార్ల కంపెనీ కూడా ఇలాంటి గవర్నర్‌ను బండ్లలో పెట్టింది.

టీటర్ చేసిన కొత్త పని ఏమిటంటే, ఈ గవర్నర్‌ను డ్రైవరు పాదంతో కలపడం. ఆయన తొలి సాధనం ఇలా పనిచేసేది. డ్యాష్‌బోర్డు మీద ఒక చక్రం ఉంటుంది. దాన్ని తిప్పి కావలసిన వేగం పెట్టుకోవాలి. అలా తిప్పినప్పుడు గవర్నర్ స్ప్రింగు బిగుసుకోవడమో సడలడమో జరుగుతుంది. గవర్నర్ గుండ్లు తిరిగేది చక్రాలకు శక్తిని చేర్చే షాఫ్టు వేగాన్ని బట్టి. కాబట్టి గేరు ఏదైనా అవి కొలిచేది బండి వేగాన్నే, ఇంజను వేగాన్ని కాదు. బండి పెట్టుకున్న వేగం చేరగానే గుండ్లు స్ప్రింగును ఓడించి విచ్చుకుంటాయి. అప్పుడు ఒక కవాటం తెరుచుకుని, ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోని పీల్పును ఒక పిస్టన్ మీదికి వదులుతుంది. ఆ పిస్టన్ కదిలి యాక్సిలరేటర్ పెడల్‌ను వెనక్కి నెడుతుంది. అంటే ఆ వేగం దగ్గర పెడల్ గట్టిపడుతుంది. డ్రైవరు కాలును దాని మీద ఆనించి ఉంచితే చాలు, స్పీడోమీటరు చూడనక్కర్లేదు. ముందున్న లారీని దాటాలంటే ఇంకాస్త బలంగా తొక్కితే పెడల్ లోపలికి పోతుంది, అడ్డుపడదు.

ఇందులో ఒక తెలివైన ఎంపిక ఉంది, ఇంజినీర్లు మెచ్చుకునేది. పెడల్‌ను నెట్టడానికి విడిగా మోటారు, పంపు ఏవీ పెట్టకుండా ఇంజను పీల్పునే వాడుకున్నాడు. ఇంజను గాలి మార్గం సగం మూసి ఉన్నప్పుడు పీల్పు బలంగా ఉంటుంది, పూర్తిగా తెరిచినప్పుడు బలహీనమవుతుంది. వేగం ఎక్కువై పెడల్‌ను వెనక్కి నెట్టాల్సిన వేళ సాధారణంగా గాలి మార్గం కొంత మూసే ఉంటుంది. అంటే బలం అవసరమైనప్పుడే బలం దొరుకుతుంది. కొన్ని పరిమితులూ లేకపోలేదు. గవర్నర్ కదలాలంటే వేగం ముందు కాస్తయినా మారాలి. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం కొద్దిగా పడుతుంది. పల్లం దిగేటప్పుడు అది బ్రేకు వేయలేదు, ఇంజను మాత్రమే కొంత పట్టి ఉంచగలదు. నేటి కార్లలో ఎలక్ట్రానిక్ చిప్ వచ్చాక ఆ తేడాలు బాగా తగ్గాయి గానీ, కొలవడం, పోల్చడం, సరిదిద్దడం అనే మూడు మెట్లు అవే.

తర్వాత ఆయన దీనికి విద్యుదయస్కాంతంతో పనిచేసే తాళం చేర్చాడు. అప్పుడు పెట్టుకున్న వేగం దగ్గర యాక్సిలరేటర్ దానంతటదే నిలబడేది, కాలు తీసేయవచ్చు. బ్రేకును తాకగానే తాళం వీడిపోతుంది. ఈ చివరి ఏర్పాటు లేకపోతే ఇలాంటి సాధనం ప్రాణాంతకం. మనిషి కాలు కదిలిన మరుక్షణం యంత్రం పక్కకు తప్పుకోవాలన్న సూత్రం ఇవాళ్టి స్వయంచాలిత కార్ల దాకా వర్తిస్తుంది.

పేటెంటు 1950 ఆగస్టు 22న వచ్చింది. అంటే ఆయనకు అరవై ఏళ్లు నిండి ఐదు రోజులు. రిటైర్‌మెంటు లెక్కలు వేసుకుంటున్న మా బ్యాచ్ మిత్రులు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి. సాధనానికి ఆయన ఎన్నో పేర్లు అనుకుని చివరికి స్పీడోస్టాట్ అన్నాడు. 1958లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్, న్యూయార్కర్, విండ్సర్ కార్లలో ఆటోపైలట్ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టింది. క్యాడిలాక్ కంపెనీ క్రూయిజ్ కంట్రోల్ అంది, ఆ పేరే లోకంలో నిలిచింది. మొదట్లో ఇది డబ్బున్నవాళ్ల సోకు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, ఆ వెంటనే అమెరికాలో గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టాక, పెట్రోలు మిగిల్చే సాధనంగా సామాన్యుల బండ్లలోకీ వచ్చింది.

పర్‌ఫెక్ట్ సర్కిల్ 1963లో డానా కార్పొరేషన్‌లో కలిసిపోయింది. అదే ఏడాది టీటర్ పేరుతో ఎస్‌ఏఈ ఒక పురస్కారం మొదలుపెట్టింది. అది ఇచ్చేది ఇంజినీర్లకు కాదు, ఇంజినీరింగ్ నేర్పే యువ అధ్యాపకులకు. వాళ్లు పరిశ్రమలో పనిచేసేవాళ్లను కలిసి, తిరిగి తరగతి గదికి కొత్త జ్ఞానం తెచ్చుకోవడానికి అది తోడ్పడుతుంది. ఒకప్పుడు తనకు తలుపు తెరిచింది అధ్యాపకులేనని ఆయన మరచిపోలేదని నేను అనుకుంటాను. టీటర్ 1982 ఫిబ్రవరి 15న, తొంభై ఒకటో ఏట, పుట్టిన ఊళ్లోనే కన్నుమూశాడు. 1988లో ఆయన పేరు ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. కూతురు మార్జొరీ ఆయన జీవితచరిత్ర రాసింది.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగిందని పక్కన పెట్టడానికి వీల్లేదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతోనే చూపులేని శ్రీకాంత్ బొల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్‌లో సైన్సు తీసుకోబోతే నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఆయన న్యాయపోరాటం చేసి సీటు తెచ్చుకున్నాడు. 98 శాతం మార్కులు సాధించి, అమెరికాలోని ఎంఐటీలో చదివి, హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి ఎందరికో ఉపాధి చూపాడు. 1908 నాటి అడ్డంకి మన కాలంలో, మన భాష మాట్లాడే నేల మీద అదే రూపంలో నిలబడి ఉంది.

మా తరగతిలోనూ ఒక మిత్రుడు ఉండేవాడు. పేరు రాయొద్దని ఆయనే కోరాడు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి చూపు మందగించింది. లెక్కలు నోటితో చెబితే మాకంటే ముందు జవాబు చెప్పేవాడు. మూలవాగు అవతల నడుస్తున్న ఇంజను శబ్దం విని, అది నీళ్లు లాగుతోందో ఉత్తగా తిరుగుతోందో చెప్పేవాడు. లెక్కల సారు రోజూ బోర్డు మీద రాసేది బిగ్గరగా చదువుతూ రాసేవారు, ఆయన కోసమే. పది పాసయ్యాక ఎంపీసీలో చేరబోతే ఒక కళాశాలలో ప్రాక్టికల్స్ ఎవరు చేస్తారని వెనక్కి పంపారు. ఇప్పుడు కిరాణం దుకాణం గౌరవంగా నడుపుకుంటున్నాడు, పిల్లల్ని చదివించుకున్నాడు. ఆయన బతుకు మీద జాలి పడాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఇంజినీరు కావలసిన మనిషి ఒకరు మన ఊళ్లో తగ్గారు, అంతే.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలను మామూలు బడిలోనే చేర్చుకుని, వాళ్లకు తగిన ఏర్పాట్లు చేయాలంటోంది. చట్టం ఉన్నా ఏర్పాట్లు చేయాల్సింది మనుషులే. స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం భవనానికి రంగులు, వేదికకు షెడ్డు అనుకుంటోంది, మంచిదే. వాటితో పాటు నాదొక విన్నపం. సైన్సు గదిలో చేత్తో తడిమి తెలుసుకునే నమూనాలు కొన్ని పెడదాం. కోసి తెరిచిన పాత ఇంజను ఒకటి, గుండ్ల గవర్నర్ ఒకటి, ఉబ్బెత్తు గీతల పటాలు కొన్ని. ఇంజను, గవర్నర్ నేను సమకూరుస్తాను. పాఠాలను చదివి రికార్డు చేసే పని ఇంటి దగ్గరున్న విశ్రాంత ఉపాధ్యాయులు, మిత్రులు తలా కొంత తీసుకోవచ్చు. నీవా డియర్‌డార్ఫ్ చేసింది అదే కదా.

చూపున్న పిల్లలకూ అవి పనికొస్తాయి. గవర్నర్ గుండ్లు విచ్చుకుంటుంటే వేలికి తగిలే ఆ ఒత్తిడిని ఒకసారి తెలుసుకున్న పిల్లవాడు, పుస్తకంలో బొమ్మ వంద సార్లు చూసినవాడికంటే బాగా గుర్తుపెట్టుకుంటాడు. వచ్చే జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ గది సిద్ధం కావాలని, అందుకు ముందుకొచ్చే మిత్రులు సంఘం కార్యదర్శి దగ్గర పేరు ఇవ్వాలని కోరుతున్నాను.